మా ఇంటికి ఎప్పుడూ రాని ఖాళీ టైము గారికి

ఖాళీ టైము గారికి నమస్కారమండి.

మీరు మా ఇంటికి రోజూ వస్తారట. నేను కోడలిగా ఈ గడప తొక్కి 14 ఏళ్లయింది, ఒక్కసారి కూడా మీ మొహం చూసిన పాపాన పోలేదు గానీ, మా వీధిలో ఎవర్ని అడిగినా మీరు మా అరుగు మీదే, మా అత్తయ్యగారి పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంటారని చెబుతారు. ఆవిడ లేసు అల్లేది మీరు వచ్చినప్పుడేనట. "ఏముందండీ, ఖాళీగా ఉన్నప్పుడు నాలుగు పువ్వులు అల్లుకుంటది" అని మా మామయ్యగారు చుట్టాలకి చెబుతుంటారు. ఆ నాలుగు పువ్వులే కొన్నాళ్లకి డబుల్ కాట్ దుప్పటి అయి ఓడెక్కి ఏ దేశమో వెళ్లిపోతాయి. అది వేరే సంగతి.

మాది నరసాపురం దగ్గర పల్లెటూరు కాబట్టి లేసు గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తయి కాలవల్లోకి నీళ్లొచ్చాయి, ఇంచుమించు ఆ రోజుల్లోనే స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు మా ఆడవాళ్ల చేతికి కొక్కెం సూది ఇచ్చారు. నీళ్లకేమో లాకులు పెట్టారు, వంతులు పెట్టారు, తీరువా (నీటి పన్ను) కూడా కట్టించుకున్నారు. మా ఆడవాళ్ల టైముకి మాత్రం లాకులూ లేవు, లెక్కా లేదు. అది ఊరికే పారుతుందని అందరికీ ఎంత నమ్మకమో! లేసుని పుట్టించింది మీరేనని కూడా అంతే నమ్మకం.

అసలు మీ పేరు ఈ పనికి ఎలా అతుక్కుందా అని నేను చాలా ఆలోచించాను (ఆలోచించింది అంట్లు తోముతూ, అది కూడా మీ ఖాతాలో రాసుకోకండి). ఊలు అల్లడానికి రెండు సూదులు కావాలి, వరసలో ఉన్న కుట్లన్నీ సూది మీదే వేలాడుతుంటాయి, మధ్యలో లేచామా గోవిందా. లేసుకి ఒక్కటే సూది, దాని మీద ఎప్పుడు చూసినా ఒక్కటే ఉచ్చు. కుక్కర్ మూడో విజిల్ వేసిందనుకోండి, ఆ ఒక్క ఉచ్చుని కాస్త పెద్దగా లాగి వదిలేసి లేవచ్చు. పాలవాడు వచ్చాడు, లే. మామయ్యగారికి మాత్రలు, లే. మోటార్ కట్టాలి, లే. ఎన్నిసార్లు లేచినా ఏమీ కాదు, తిరిగొచ్చి ఉచ్చు బిగించి మొదలెట్టొచ్చు. అంటే ఇది ఖాళీ ఉంటే చేసే పని కాదండీ, ఖాళీ అస్సలు లేనివాళ్లు కూడా చెయ్యగలిగే పని. చూసేవాళ్లకి రెండూ ఒకటే అనిపించింది.

ఏమీ కాదన్నాను గానీ, ఆ ఉచ్చు మా చిన్నాడి కంట్లో పడకపోతేనే. మొన్న సంక్రాంతికి వాడికి గాలిపటం తోక కట్టడానికి దారం కావాల్సొచ్చింది. అరుగు మీద తెల్లటి దారం ఉండ కనిపించింది, దాన్ని పట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు. వెనకాల అత్తయ్యగారి టేబుల్ క్లాత్ గుండ్రంగా తిరుగుతూ, వరస తర్వాత వరస, టపటపా విడిపోతూ వచ్చింది. మేం గుమ్మంలోకి వచ్చి చూసేసరికి 11 వరసలు పోయాయి. ఆవిడ వాణ్ణి ఒక్క మాట కూడా అనలేదు. గేటు దగ్గర్నుంచి దారాన్ని మోచేతికి చుట్టుకుంటూ వచ్చి, మళ్లీ అదే చోట కూర్చుని, మొదటి గొలుసు కుట్టు వేసింది. "పోన్లే అమ్మాయ్, ఖాళీయే కదా" అంది. ఆరోజే అనుకున్నాను మీకు ఉత్తరం రాయాలని.

అల్లేటప్పుడు ఆవిడ నోట్లో అంకెలు తప్ప మాటలుండవు. గొలుసులు లెక్కపెట్టుకోవాలి మరి, ఒక్కటి తప్పితే పువ్వు వంకర పోతుంది, ఆరేడు వరసల తర్వాత గానీ బయటపడదు. నేను వంటింట్లోంచి "అత్తయ్యా, పులుసులోకి ఉప్పు ఎంత వెయ్యను?" అని అరిస్తే "పద్నాలుగు" అంటుంది. కరెంటు పోయినా ఆ లెక్క ఆగదు, చీకట్లో కూడా వేలికొనలతో కుట్టు తడిమి చూసుకుని అల్లేస్తుంది. ఇంత బుర్ర పెట్టి చేసేదాన్ని కాలక్షేపం అంటారు. పేకాట ఆడేవాళ్లు కూడా ఇంత లెక్క పెట్టరు కదండీ.

పేకాట అంటే గుర్తొచ్చింది. మిమ్మల్ని నేను ఒకసారి చూశాను, ఇందాక చూడలేదని రాసింది ఇంట్లో మాట. కాలవ గట్టు మీద టీ కొట్టు దగ్గర, మా మామయ్యగారి పక్కన, బెంచీ మీద కాళ్లు చాపుకుని పేపర్ చదువుతున్నారు, దాళ్వాకి (రెండో పంటకి) నీళ్లు వదులుతారా లేదా అని గంటన్నర మాట్లాడారు. మీరే కదా? నేను గుర్తుపట్టాను. కానీ ఇంటికొచ్చి "మామయ్యగారు ఏరి?" అంటే "పని మీద బయటికెళ్లారు" అన్నారు ఇంట్లోవాళ్లు. మరి ఆయన దగ్గర ఉన్నప్పుడు మీ పేరు పని, మా అరుగు మీద పని జరుగుతున్నప్పుడు దాని పేరు మీరు. ఈ పేర్లు మార్చుకోవడం ఎప్పుడు జరిగింది, రిజిస్ట్రేషన్ ఎక్కడ చేయించారు?

నేను ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని, ఊరికే ఉండలేక ఒకసారి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టాను. అరచెయ్యంత మ్యాట్ ఒకటి అత్తయ్యగారు నాలుగు రోజుల్లో అల్లింది, లేచినప్పుడల్లా నేను ఆపాను. అసలు అల్లిన టైము 2 గంటల 40 నిమిషాలు, లేచిన సార్లు 23. ఏజెంటు ఇచ్చే రేటుతో భాగిస్తే గంటకి ఎంత పడిందో ఇక్కడ రాయను, మా సెంటర్లో దానికి టీ వస్తుంది, సమోసా రాదు. ఆ ఏజెంటు కూడా చాలా మంచివాడండీ, "ఆయ్, బాగున్నారాండీ" అని పలకరించకుండా లోపలికి రాడు. ఇచ్చిన దారం తూకానికి అల్లినవి సరిపోయాయా అని చూసుకుంటాడు. ఒకసారి మూల మీద శనగగింజంత పసుపు మరక కనిపించిందని ఆ పీసుకి డబ్బులు తగ్గించాడు. వంటింటి చేత్తో అల్లితే పసుపు కాక అత్తరు అంటుతుందా! నేను అడగబోతే, "ఏదో ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునేదే కదండీ, మరీ అంత లెక్క చూస్తే ఎలాగండీ" అన్నాడు. అంటే పసుపు మరకకి లెక్కుంది, గంటకి లేదు.

మిమ్మల్ని వెతికింది నేనొక్కదాన్నే కాదు. 1970ల చివర్లో మారియా మీస్ అని జర్మనీ ఆవిడ పనిగట్టుకుని నరసాపురం వచ్చి లేసు అల్లే ఆడవాళ్ల మీద పరిశోధన చేసింది, 1982లో పుస్తకం వచ్చింది. వీళ్లని గృహిణులనీ, వీళ్ల పనిని తీరిక పని అనీ చెప్పుకోబట్టే కూలి అంత అడుగున ఉండిపోయిందని ఆవిడ తేల్చింది. అంత దూరం నుంచి వచ్చినావిడకి కనబడింది మా మామయ్యగారికి అరుగు మీద కనబడదు. 2024లో ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వేలో కూడా ఇంటి చాకిరీకి ఆడవాళ్లకి రోజుకి సుమారు 289 నిమిషాలు, మగవాళ్లకి 88 అని వచ్చింది. ఆ ఏడాదే నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని చెప్పే ముద్ర) కూడా వచ్చింది. ఊరి పేరుకి గుర్తింపు వచ్చిందండీ, సంతోషం. రేషన్ కార్డు పని మీద వచ్చిన కుర్రాడు మాత్రం "మామ్మగారు ఏం చేస్తారండీ?" అని అడిగి, ఆవిడ చేతిలో సూది ఆడుతుండగానే, "ఏమీ చెయ్యరు" అని రాసుకుని వెళ్లాడు.

లెక్క కట్టడం చేతకాక అందామంటే అదీ కాదు. మా అటక మీద అత్తయ్యగారి నాయనమ్మ రాట్నం ఉంది, ఒక చక్రం విరిగింది. 1924లో బెల్గాం కాంగ్రెస్ మహాసభలో నాలుగణాల చందా బదులు సభ్యులు నెలకి 2000 గజాల నూలు ఇవ్వాలని పెట్టారు. అప్పుడు ఆ నూలు చేతుల్లోంచే వచ్చింది, గజాల్లో కొలిచారు, దేశసేవ అన్నారు. ఎవరూ "ఏముంది, ఖాళీగా ఉన్నప్పుడు వడుక్కుంటారు" అని తీసిపారెయ్యలేదు. మరి దారం రాట్నం దిగి సూది ఎక్కేసరికి ఏం పోయింది?

ఇంత తిట్టాను గానీ అబద్ధమెందుకు, ఆ పనంటే నాకిష్టమే. మా స్కూలు గోదావరి అవతల సఖినేటిపల్లి వైపు, రోజూ పంటు (బళ్లనీ మనుషుల్నీ దాటించే పడవ) మీద దాటాలి. ఆ కాసేపట్లో రెండు వరసలు అవుతాయి, నీళ్ల మీద గాలికి దారం చెంపకి తగులుతుంటే హాయిగా ఉంటుంది, అప్పుడు మాత్రం మీరు ఎక్కడో రెయిలింగ్ దగ్గర నిలబడి ఉన్నట్టే అనిపిస్తుంది. ఇంతలో పక్కన బండి పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి వంగి చూసి, "టైంపాస్‌కి బాగుంటదండీ" అంటాడు. అంతే, మీరు నీళ్లలోకి దూకేస్తారు.

ఈ ఉత్తరం కూడా ఒక్క బిగిన రాసింది కాదు. మొదటి పేరా పప్పు ఉడికేలోపు, ఏజెంటు సంగతి పంటు మీద, రాట్నం సంగతి పిల్లాడికి జ్వరమొచ్చి రాత్రి మేలుకున్నప్పుడు. ఇందాకే మా ఆయన నా భుజం మీదుగా తొంగిచూసి, "ఇంత పెద్ద ఉత్తరమా! ఎప్పుడు రాశావే?" అన్నాడు.

నోరు జారి, "ఖాళీగా ఉన్నప్పుడు" అనేశాను.