నా మేత, ఆయన చేపలు

ముందే ఒక మాట. ఈ వ్యాసంలో పెగ్గు అనే మాట చాలాసార్లు వస్తుంది, దానికి మీరనుకునే అర్థం లేదు. చేపలు పట్టే పోటీల్లో గట్టు పొడుగునా ఒక్కొక్కరు కూర్చోడానికి నంబరు వేసి పెట్టిన చోటుని పెగ్గు అంటారు. పొద్దున్నే చీటీలు తీస్తారు, ఏ నంబరు వస్తే అక్కడే కూర్చోవాలి, ఈల వేసినప్పటి నుంచి మళ్ళీ ఈల వేసేదాకా, అయిదారు గంటలు. "అంతా పెగ్గు వల్లే జరిగింది" అని ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఒక పూట మాట్లాడలేదు.

పోల్ ఫిషింగ్‌లో చక్రం ఉండదు, దారం చుట్టడం ఉండదు. బోలుగా ఉండే కార్బన్ గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దోపుకుంటూ పోతే పొడవాటి కర్ర అవుతుంది. దాని కొస లోపల ఎలాస్టిక్, ఎలాస్టిక్‌కి దారం, దారానికి బెండు, గాలం, అంతే. చేప లాగితే ఎలాస్టిక్ సాగుతుంది, అలిసిపోతే వెనక్కి వస్తుంది. నా కర్ర 13 మీటర్లు, అంటే సుమారు నాలుగంతస్తుల మేడ. తూకం మాత్రం కిలో లోపే. గాలి లేని రోజున దాన్ని పట్టుకుని కూర్చుంటే మనమేదో మంత్రదండం పట్టుకున్నట్టు ఉంటుంది. గాలి ఉన్న రోజున అదే మనల్ని పట్టుకుంటుంది. గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లవుతుందని చదువుకున్నాం, పరీక్షలో రాశాం, మార్కులు కూడా వేశారు, ఒంటికి పట్టింది మాత్రం ఆ పోటీ రోజే.

గాలి నా ఎడమ వైపు ముందు నుంచి ఏటవాలుగా కొడుతోంది. కుడిపక్క పెగ్గులో ఒక పెద్దాయన. ఆయన తన కర్రలో సగం ముక్కలు సంచిలోంచి బయటికే తీయలేదు, ఆరు మీటర్ల దగ్గర ఆపేసి, గట్టుకి దగ్గరగా బెండు వేసుకుని హాయిగా కూర్చున్నాడు.

"బాబూ, గాలి బాగా ఉంది, ఓ నాలుగు ముక్కలు తగ్గించుకోరాదూ?" అన్నాడు.

"పర్లేదండీ, నాకు అలవాటే" అన్నాను. నాకు అలవాటైనది గాలి లేని చెరువు, ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

ముందుగా మేత. కర్ర కొసన చిన్న కప్పు బిగించి, అందులో పెల్లెట్లు, అంటే చిన్న మేత గుళికలు పోసి, కర్రని మెల్లగా ముందుకి తోసి, సరిగ్గా బెండు ఉండే చోట ఒంపాలి. ఇందులో ముఖ్యమైన మాట మెల్లగా. నేను తోస్తున్నకొద్దీ కొస కుడివైపుకి పోతోంది, నేను ఎడమకి తిప్పితే అది ఒక్క క్షణం మొహమాటానికి వచ్చి మళ్ళీ వెళ్ళిపోతోంది. మొదటి కప్పు దారిలోనే తిరగబడింది. రెండోది సగం నా టోపీ మీద. మూడోది పెద్దాయన బెండు దాపున పడింది. ఇక లాభం లేదని ఉండేలు తీశాను. లాగి వదిలితే పెల్లెట్లు పైకి లేచి, గాలిలో కాసేపు ఆలోచించుకుని, గుంపుగా కుడివైపు తిరిగి ఆయన ముందు చిటపటలాడుతూ రాలాయి. గురి తప్పిందేమోనని ఇంకో పదిసార్లు కొట్టాను.

అక్కడ ఆయన ఎలాస్టిక్ సాగడం మొదలైంది.

మనం పట్టేది కామన్ కార్ప్, బంగారు తీగ. దీని గురించి ఒకటి చెప్పాలి. ఈ చేపకి జీర్ణాశయం ఉండదు, గొంతు దాటితే నేరుగా పేగే. నిండడానికి పొట్టే లేనివాళ్ళకి నేను పొద్దుటి నుంచీ బంతి వడ్డిస్తున్నానన్నమాట, అదీ పక్కింటి పందిట్లో. గాలి ఏ గట్టుకి కొడితే ఆ గట్టు వారకి అవి చేరుతుంటాయని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. తెలిసి కూడా నాలుగంతస్తుల దూరంలో వెతుకుతున్నానంటే దాన్ని తెలివి అనరు.

గాలికి దారం విల్లులా వంగి బెండుని ఈడ్చుకుపోతుంటే, బెండుకీ కర్ర కొసకీ మధ్య దారం మీద చిన్న సీసపు గుండు నొక్కాలి, అప్పుడు దారం నీళ్ళలో మునిగి గాలికి చిక్కదు. మంచి ఉపాయమే. ఆవగింజంత గుండుని, జారే వేళ్ళతో, చీల్చిన సందులోకి కనబడని దారం దూర్చి నొక్కాలి, అదీ ఆ దారం పతంగిలా ఎగురుతుండగా. మూడు గుండ్లు గడ్డిలో పోయాయి. నాలుగోది దొరికేసరికి గాలం వచ్చి చెవికి తగులుకుంది. ఎదురుముల్లు లేని గాలాలే వాడాలన్న నిబంధన చేపల మీద దయతో పెట్టారనుకునేవాణ్ణి, నా చెవికీ పనికొచ్చింది.

మూడో గంటలో నా బెండు మునిగింది. అల అనుకున్నాను. కాదు, ఎలాస్టిక్ సర్రుమని సాగింది. ఇప్పుడు కర్రని వెనక్కి జరుపుకుంటూ, వెనక కర్ర జారడానికి పెట్టుకున్న రోలర్ మీదుగా పోనిచ్చి, కొస ముక్కల దగ్గర విడదీసి, ఆ పొట్టి ముక్కతో చేపని అలిసేలా చెయ్యాలి. వెనక్కి జరిపాను, రోలర్ తగల్లేదు. తిరిగి చూస్తే అది ఎప్పుడో వెల్లకిలా పడి ఆకాశం చూస్తోంది. సరే, ఎలాగో విడదీసి, మిగిలిన పొడుగు కర్రని పక్కన గడ్డిలో పెట్టాను.

గడ్డిలో పెట్టినది గుండ్రటి గొట్టం, గట్టు ఏటవాలు, గాలి సంగతి చెప్పక్కర్లేదు. అది నింపాదిగా దొర్లుకుంటూ నీళ్ళలోకి దిగింది. బోలు గొట్టం, నీళ్ళు నిండేదాకా తేలుతుంది, నిండాక సెలవు. కుడిచేతిలో చేప, ఎడమ చేతిలో గాలికి బుడగలా ఉబ్బిన చేతివల, కాబట్టి కాలు చాపాను. కాలు అందలేదు, బూటు మాత్రం నిండింది. చేప ఎడమకి, కర్ర కుడికి, నేను మధ్యలో ఒంటికాలి మీద. గట్టు మీద నలుగురు తమ బెండ్లు వదిలేసి నన్ను చూస్తున్నారు, వాళ్ళ చేపలు తప్పించుకుని ఉంటే ఆ పాపం నాదే.

"చేప వదలకు బాబూ!" అని అరిచి పెద్దాయన లేచి, తన చేతివల చాపి నా కర్ర చివరిని ఒడుపుగా పట్టాడు. ఆయన ఆ రోజు పట్టినవాటిలో అన్నిటికన్నా పొడవైనది అదే.

చేపకి మాత్రం ఎవరూ సాయం చెయ్యకూడదు, ఇంకొకరి చెయ్యి పడితే లెక్కలోకి రాదు. వల ఉబ్బుతూనే ఉంది, మడత విప్పి నీళ్ళలో ముంచేసరికి చేప విసుగెత్తి తనే వచ్చి అందులో దూరిందని నా అనుమానం. నాలుగు మీసాల మధ్య నోరు తెరిచి మూసి తెరిచి ఏదో అంది, గాలికి వినపడలేదు.

ఈల వేశారు. పట్టిన చేపల్ని అప్పటిదాకా నీళ్ళలోనే ఉంచే పొడుగు వలని, తూకం కోసం ఒక్కొక్కరిదీ పైకి లాగుతూ వస్తున్నారు, తూచి, చేపల్ని మళ్ళీ చెరువులోనే వదిలేస్తారు. నాది లాగడానికి ఇద్దరు వంగారు, తేలిగ్గా వచ్చేసరికి వెనక్కి పడబోయారు. రెండు కిలోల ఎనిమిది వందలు, ఒకటే చేప. పెద్దాయనది 41 కిలోలు. మొదటి స్థానం.

సామాను సర్దుకుని వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి భుజం తట్టాడు.

"బాబూ, వచ్చే పోటీలో కూడా నా ఎడమ పక్క చీటీయే నీకు రావాలని కోరుకుంటున్నా" అన్నాడు. "ఈసారి పెల్లెట్లు ఇంకాస్త ఎక్కువ తెచ్చుకో, రెండో గంటకే తగ్గించేశావు."