నాతిచరామి అన్నది ఎవరు?

మా అక్క పుట్టింటికి వచ్చి పన్నెండు రోజులైంది. హైదరాబాదులో వాళ్ల కారు ఫాస్టాగ్ ఆమె ఫోను నంబరు మీద ఉంది, రీచార్జి చేసేది ఆమే కనుక. బావ వరంగల్‌లో ఆఫీసు పని ఉందని చెప్పి వెళ్లిన ఒక శనివారం, రాత్రి పదకొండు దాటాక చిల్లకల్లు టోల్‌ప్లాజాలో డబ్బు కట్ అయినట్టు ఆ ఫోనుకు మెసేజ్ వచ్చింది. చిల్లకల్లు ఉన్నది విజయవాడ దారిలో. పాత మెసేజ్‌లు వెతికితే అలాంటి శనివారాలు ఇంకో ఆరు బయటపడ్డాయి. అడిగితే బావ దాచలేదు. విజయవాడలో ఒకామె ఉందని, ఏడాదిగా నడుస్తోందని చెప్పాడు. చెప్పి, "నీకేం తక్కువ చేశాను?" అని అడిగాడు.

నిన్న రాత్రి ఖమ్మంలో మా వంటింట్లో అమ్మకూ పిన్నికీ దీని మీద వాదన జరిగింది. అమ్మ తెలుగు టీచరుగా పనిచేసి రిటైరైంది. పిన్ని ఇరవై రెండేళ్లుగా ఫ్యామిలీ కోర్టులో న్యాయవాది. అక్క కొడుకును పడుకోబెట్టుకుని లోపలి గదిలో ఉంది. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నాను. నా మనసు మొదటినుంచీ పిన్ని వైపే, దాచను. కానీ అమ్మ మాటలు కూడా అన్నవి అన్నట్టే రాస్తున్నాను.

అమ్మ: పన్నెండు రోజులు చాలు. ఆదివారం పెద్దవాళ్లం నలుగురం హైదరాబాదు వెళ్లి అల్లుడితో మాట్లాడదాం. పిల్లవాడికి బడి పోతోంది.

పిన్ని: వెళ్లి ఏం అడుగుతారు?

అమ్మ: ఇకమీదట ఇలా జరగదని మాట తీసుకుంటాం.

పిన్ని: మాట ఒకటి ఇప్పటికే ఉంది కదా అక్కా. ధర్మేచ, అర్థేచ, కామేచ, నాతిచరామి. పెళ్లిలో ఆ మాట అన్నది మన అమ్మాయి కాదు, అతను. విన్నది బావగారు. కాళ్లు కడిగి కన్యాదానం చేసిన మనిషికి ఇచ్చిన మాట అది. బావగారు పోయారు కనుక దానికి గడువు తీరిపోయిందా?

అమ్మ: మాట తప్పాడు, నేను కాదనడం లేదు. తప్పిన ప్రతివాణ్నీ వదిలేస్తూ పోతే ఊళ్లో ఎన్ని కాపురాలు మిగులుతాయి? సంసారం గుట్టు, రోగం రట్టు అన్నారు. రోగం వస్తే పదిమందికీ చెప్పి మందు అడగాలి. సంసారంలో దెబ్బ తగిలితే నాలుగు గోడల మధ్యే మానాలి.

పిన్ని: మానితే సంతోషమే. మానకుండా చీము పట్టాక కోర్టుకు వచ్చేవాళ్లను నేను రోజూ చూస్తున్నాను. నాకు విజయవాడ ఆమె సంగతి అంత ముఖ్యం కాదు. అతను అడిగిన ప్రశ్న ముఖ్యం. "నీకేం తక్కువ చేశాను" అంటే ఏమిటి? ఇల్లు కొన్నాను, నగలు పెట్టాను, పిల్లవాడి ఫీజు కడుతున్నాను, ఇంత చేసిన నాకు ఆ మాత్రం హక్కు లేదా అని. తప్పు చేశాననుకునేవాడితో కాపురం నిలబడుతుంది. హక్కు వాడుకున్నాననుకునేవాడికి మారవలసిన పని ఏముంది?

అమ్మ: దొరికిపోయిన కంగారులో అన్న మాట అది. మగవాళ్లకు తప్పు ఒప్పుకోవడం చేతకాదు. పెంపకం అలాంటిది.

పిన్ని: ఆ పెంపకానికి సామెత కూడా ఉంది. తిరగక మగవాడు చెడ్డాడు, తిరిగి ఆడది చెడింది అని. నువ్వు బళ్లో ముప్ఫై ఏళ్లు సామెతలు చెప్పావు. ఈ ఒక్కటి తప్పని ఎప్పుడైనా చెప్పావా?

(అమ్మ ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. పొయ్యి మీద పాలు దించి పక్కన పెట్టింది.)

అమ్మ: సుప్రీంకోర్టే ఇది నేరం కాదని తేల్చిందట కదా. నువ్వు కోర్టుకంటే ఎక్కువా?

పిన్ని: 2018 సెప్టెంబరు 27న 497వ సెక్షన్ కొట్టేసింది. ఎందుకు కొట్టేసిందో కూడా విను. 1860 నాటి శిక్షాస్మృతిలోది ఆ సెక్షన్. ఇంకొకడి భార్యతో, ఆ భర్త సమ్మతి లేకుండా సంబంధం పెట్టుకున్న మగవాడికి ఐదేళ్ల వరకు జైలు. భర్త సరేనంటే నేరమే లేదు! భార్యను సొత్తు కింద జమకట్టిన చట్టం అది. భర్త దారి తప్పితే ఫిర్యాదు చేసే హక్కు భార్యకు అందులో లేనే లేదు. అది బతికి ఉన్న రోజుల్లో కూడా మన అమ్మాయికి దానివల్ల పైసా ఉపయోగం ఉండేది కాదు. కోర్టు కొట్టేసింది ఆ సొత్తు లెక్కను. మోసం చేయడం సబబని అనలేదు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో విడాకులకు అది ఇప్పటికీ కారణమే. 1976కు ముందు అక్రమ సంబంధంలోనే జీవిస్తున్నట్టు చూపించాల్సి వచ్చేది. ఆ ఏడాది సవరణతో ఒక్కసారి జరిగినా చాలు.

అమ్మ: విడాకుల సంగతి చెబుతావు, ఆ తరువాతి సంగతి చెప్పవు. పిల్లవాడు పుట్టినప్పుడు ఉద్యోగం మానేసింది. తొమ్మిదేళ్ల తరువాత ఎవరిస్తారు? ఇంటి అప్పు ఇద్దరి పేరా ఉంది. ఒంటరిగా ఉంటున్నానంటే ఇల్లు అద్దెకిచ్చేవాడు ఎన్ని ఆరాలు తీస్తాడో నీకు తెలియదా? తీర్పు కాగితం చేతికిచ్చి నువ్వు ఇంకో కేసుకు వెళ్తావు. ఆ కాగితం పట్టుకుని ఆ అమ్మాయిలు ఎక్కడికి వెళ్తున్నారో ఎప్పుడైనా వెంట వెళ్లి చూశావా?

పిన్ని: అందరి వెంటా వెళ్లలేదు. కొందరికి చాలా కష్టంగానే గడుస్తోంది, ఒప్పుకుంటాను. అందుకే ఇప్పుడే విడాకుల కేసు వేయమని నేను అనడం లేదు. భర్త మరో స్త్రీని ఉంచుకుంటే విడిగా ఉండడానికి అది న్యాయమైన కారణమని భరణం సెక్షన్‌లోనే రాసి ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 125, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలో 144. విడాకులు లేకుండానే ఇక్కడ ఉండి భరణం అడగవచ్చు.

అమ్మ: కాపురానికి రమ్మని అతనే నోటీసు పంపితే?

పిన్ని: పంపవచ్చు, దానికి హిందూ వివాహ చట్టంలో 9వ సెక్షన్ ఉంది. 1983లో సరిత కేసులో మన హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్ రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేశారు. ఇష్టంలేని మనిషిని పడకగదిలోకి నెట్టే అధికారం ప్రభుత్వానికి లేదన్నది ఆ తీర్పు సారం. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు వేరే కేసులో ఆ సెక్షన్‌ను మళ్లీ నిలబెట్టింది. అయినా సరైన కారణం ఉన్న భార్య దానికి భయపడనక్కర్లేదు.

అమ్మ: కేసు వేయవద్దంటావు, వెళ్లవద్దంటావు. మరి ఏం చేయమంటావు?

పిన్ని: తొందరపడి క్షమించవద్దంటాను. అదే చట్టంలో 23వ సెక్షన్ అని ఒకటి ఉంది. తప్పు తెలిసి కూడా క్షమించి కాపురం చేస్తే, ఆ తప్పు చూపించి విడాకులు అడిగే దారి మూసుకుపోతుంది. 1975లో దాస్తానే కేసులో సుప్రీంకోర్టు దీని గురించి వివరంగా చెప్పింది. ఆలుమగలు మళ్లీ మామూలుగా ఒక పడక మీదికి చేరితే క్షమించినట్టే లెక్క. కానీ ఆ క్షమకు ఎప్పుడూ ఒక షరతు ఉంటుంది, మళ్లీ తప్పు చేస్తే పాతది తిరిగి లేస్తుంది. ఆదివారం మీరు నలుగురూ వెళ్లి ఆమెను ఆ ఇంట్లో దించి వచ్చారనుకో, క్షమించింది ఆమెనా, మీరా?

అమ్మ: నేనూ అలా ఉండిపోయినదాన్నే. మరిచిపోయావా? 1989. మీ బావ కొత్తగూడెంలో పనిచేసినప్పుడు. పెద్దది కడుపులో ఉంది.

(పిన్నికి తెలుసు. ఆ వంటింట్లో తెలియనిది నాకే.)

అమ్మ: అప్పుడు నేను వెళ్లిపోయి ఉంటే, ఇదిగో, ఈ చిక్కుడుకాయలు ఒలిచే పిల్ల పుట్టేది కాదు. 2016లో నాకు తుంటి విరిగింది. నాలుగు నెలలు మంచం మీద ఉన్నాను. ఆయాను పెడతామంటే ఒప్పుకోకుండా బెడ్‌పాన్ ఆయనే తీశారు. కడిగి, బోర్లించి, చేతులు తుడుచుకుని వచ్చి నాకు పేపరు చదివి వినిపించేవారు. ఆ మనిషిని వదులుకోమనేదానివా?

పిన్ని: బావగారు వేరు. ఆయన తప్పు ఒప్పుకున్నారు.

అమ్మ: ఒప్పుకోలేదు.

పిన్ని: నాన్నగారి దగ్గర ఒప్పుకున్నారని నువ్వే చెప్పావు.

అమ్మ: నేను చెప్పాను. ఆయన చెప్పలేదు. బదిలీ చేయించుకుని ఇంటికి వచ్చేశారు, అంతే. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. కొత్తగూడెం నుంచి చివరి బస్సు తొమ్మిదిన్నరకు వచ్చేది. ఆయన రిటైరై నా పక్క మంచం మీదే నిద్రపోతున్నా, తొమ్మిదిన్నర అయ్యేదాకా నా చెవి గేటు మీదే ఉండేది. ఆయన పోయాక పోయింది ఆ అలవాటు.

పిన్ని: మరి అమ్మాయికి కూడా అదే ఇద్దామంటావా అక్కా?

అమ్మ: గేటు ఒక్కటే చూస్తున్నావు నువ్వు. బెడ్‌పాన్ కూడా చూడు. రెండూ ఒక మనిషే. మళ్లీ ఆ రోజుకు తీసుకెళ్లి నిలబెట్టినా నేను ఉండేదాన్నే. అల్లుడూ రాయి కాదు. మొన్న రాత్రి తనే ఫోను చేశాడు. ఇరవై నిమిషాలు మాట్లాడాడు, గది బయట నుంచి విన్నాను. మనసులో ఏమీ లేనివాడు అంతసేపు మాట్లాడతాడా?

పిన్ని: నిజమే, తనంత తాను చేశాడంటే ఆలోచించాలి. తప్పు చేశానని చెప్పడానికే చేసి ఉంటే, ఆదివారం నేను కూడా మీతో వస్తాను.

అప్పుడు లోపలి గది తలుపు తెరుచుకుంది. అక్క వచ్చి బిందెలోంచి నీళ్లు ముంచుకుని తాగింది. అంతసేపూ ఎవరూ మాట్లాడలేదు.

"ఆయన చేసింది కారు గురించి" అంది. "ఫాస్టాగ్‌కు నా నంబరు తీసేసి తన నంబరు పెట్టుకుంటున్నారట. దానికి ఓటీపీ నా ఫోనుకు వస్తుంది, చెప్పమన్నారు."

"ఇరవై నిమిషాలూ అదేనా?" అని పిన్ని అడిగింది.

"అదే. మొదట మెల్లగానే అడిగారు. తరువాత, నా డబ్బుతో కొన్న కారు, నంబరు మార్చుకునే హక్కు కూడా నాకు లేదా అన్నారు."

అమ్మ పాల గిన్నె మీద మూత సరిచేసింది.

"చెప్పావా?"

"లేదమ్మా. రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ టైము అయిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను."