పస్తులకు మెచ్చుకోళ్లా?

కేరళలోని కన్నూరు జిల్లాలో 2025 మార్చిలో 18 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. లావైపోతానన్న భయంతో ఆన్‌లైన్‌లో చూసిన డైట్లు పాటిస్తూ, నెలల తరబడి తిండి మానేసి ద్రవాలతోనే నెట్టుకొచ్చిందని వార్తలొచ్చాయి. లావైపోతామన్న భయంతో తిండి మానేసే జబ్బు, అనొరెక్సియా, అయి ఉంటుందని వైద్యులు అనుమానించారు. మానసిక వ్యాధుల్లో ఎక్కువగా ప్రాణాలు తీసేవాటిలో అదొకటి. ఇంత ప్రమాదకరమైన జబ్బు మొదట్లో జబ్బులా కనిపించకపోగా, నలుగురి మెప్పూ పొందుతుంది. మా ఆందోళనంతా అక్కడే.

మన ఇళ్లలో జరిగేది చూడండి. పెళ్లిలో కనిపించిన పిల్లను "ఏంటే, ఇంత లావయ్యావ్?" అనే పలకరిస్తారు. ఆర్నెల్లకు అదే పిల్ల చిక్కిపోయి కనిపిస్తే "ఎంత నాజూగ్గా అయ్యావే, ఏం చేశావ్?" అని మురిసిపోతారు. ఏం చేసిందో ఆ పిల్ల చెప్పదు. పొద్దున టిఫిన్ మానేసింది. క్యారేజీలో అన్నం స్నేహితురాలికి పెట్టేసింది. రాత్రి "కాలేజీలో తినేశానమ్మా" అంది. అమ్మ పట్టుబట్టి తినిపించిన రోజున బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు మాటున వాంతి చేసుకుంది. మగపిల్లలూ దీనికి అతీతులు కారు. కండలు తేలాలని కడుపు మాడ్చుకునేవాళ్లు, ఎవరో చెప్పిన పొడులు, ఇంజెక్షన్లు వాడేవాళ్లు వారిలోనూ ఉన్నారు.

మాటిమాటికీ వాంతి చేసుకుంటే కడుపులోని ఆమ్లం పళ్లను తినేస్తుంది. ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. విరేచనాల మాత్రలతో పోయేది నీరే గానీ కొవ్వు కాదు. నెలసరి ఆగిపోతుంది, ఎముకలు గట్టిపడాల్సిన వయసులో బోలుబారతాయి. అసలే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ ఒంటికి పస్తులు కూడానా? బరువు మామూలుగానే ఉన్న పిల్లల్లోనూ ఈ జబ్బు ఉండొచ్చు కాబట్టి, తూకం చూసి ధైర్యపడటానికి లేదు.

ఊబకాయం నిజమైన సమస్యే. దానికి వైద్యుల సలహా కావాలి గానీ రీల్స్ కాదు. ఊబకాయం తగ్గిస్తామంటూ మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది. అయినా పిల్లల ఫోన్లలో నెలకు పది కిలోలు తగ్గించే టీలు, చుక్కలు, మాత్రలు నిత్యం ప్రత్యక్షమవుతూనే ఉన్నాయి. ఆహారమన్న లేబుల్ చాటున కొందరు తప్పించుకుంటుంటే ఔషధ నియంత్రణ, ఆహార భద్రత అధికారులు కలిసి పట్టుకోవాలి. వారి నుంచి మేం కోరుతున్నది కొత్త చట్టం కాదు, ఉన్నదాన్ని అమలు చేయడం.

రెసిడెన్షియల్ కాలేజీల బాధ్యత మరీ పెద్దది. అక్కడ పిల్లలకు వార్డెనే అమ్మా నాన్నా. మెస్‌కు వరసగా రాని పిల్లను, అన్నం తినగానే బాత్రూంకు వెళ్లే పిల్లను గుర్తించడం వారికి నేర్పించాలి. తరగతిలో అందరి ముందు బరువు తూచి చదివి వినిపించడం మానేయాలి.

ఇంట్లో ఎవరికైనా అనుమానం వస్తే పిల్లల్ని దోషుల్లా నిలదీయకండి. "తిండి దగ్గర నీకేదో టెన్షన్‌గా ఉన్నట్టుంది, డాక్టర్ దగ్గరికి కలిసి వెళ్దాం" అనండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్ల కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడగా ఉందన్నా ఫోన్లతో కాలయాపన చేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.