హద్దు మీరిన తరంగాలపై విచారణ నివేదిక

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు కొండలను, తాలూకాలను లెక్కగట్టి, పర్లాకిమిడి జమీందారీని రెండుగా చీల్చి, జయపురం సంస్థానాన్ని విశాఖపట్నం ఏజెన్సీ నుంచి ఊడదీసి పంచిపెట్టిన పెద్దలు ఆకాశాన్ని పంచడం మాత్రం మరచిపోయారు. ఈ ఒక్క ఏమరుపాటు వల్ల కోరాపుట్ జిల్లా పరిపాలనకు వాటిల్లిన నష్టం ఇంతా అంతా కాదు. ఆ జిల్లాలోని జయపురం ఆకాశవాణి కేంద్రం చరిత్ర రాయబూనినవారెవరైనా ప్రారంభోత్సవంతో మొదలుపెడతారు. నేను నేరంతో మొదలుపెట్టక తప్పడం లేదు.

నేరం 1963లో జరిగింది. ఆ ఏడాది విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం వెలిసింది. మధ్యలో తూర్పు కనుమలు అడ్డున్నాయి కదా అని సరిహద్దు సంరక్షకులు గుండెమీద చెయ్యి వేసుకుని నిద్రపోయి ఉంటారు. పగటిపూట మీడియం వేవ్ తరంగం నేలను అంటిపెట్టుకుని సాగుతుందనీ, కొండను చూసి వెనుదిరిగే మర్యాద దానికి తెలియదనీ, చీకటి పడ్డాక పై వాతావరణాన్ని తాకి మరింత దూరాన వాలుతుందనీ వారికెవరూ చెప్పలేదు కాబోలు. అలా తెలుగు వార్తలు, ధరవరలు, నాటకాలు సాలూరు ఘాట్ రోడ్డులో ఏ చెక్‌పోస్టు వద్దా ఆగకుండా, పర్మిట్ చూపకుండా వచ్చి మా జయపురం వంటిళ్లలో చొరబడ్డాయి. మరుసటి ఏడు, అంటే 1964లో, జయపురానికి సొంత కేంద్రం దక్కింది. ఈ రెండింటికీ సంబంధం ఉన్నదనడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు. అయినా అనుమానించే హక్కును వ్యాసకర్తల నుంచి ఇంకా ఎవరూ లాక్కోలేదు.

జయపురం కేంద్రం తక్కువదేమీ కాదు. మీడియం వేవ్‌లో 1467 కిలోహెర్ట్జ్ మీద నూరు కిలోవాట్ల ట్రాన్స్‌మిటరుతో పలికింది. షార్ట్‌వేవ్‌లో 5040 కిలోహెర్ట్జ్ మీద దాని గొంతు ఎక్కడో ఐరోపాలోని రేడియో పిచ్చివాళ్ల చెవిని కూడా పడేది. ఆ మహానుభావులు పెరట్లో తీగలు కట్టుకుని, అర్థం కాని పాటను అర్ధరాత్రి దాకా విని మురిసిపోయేవారు. సరిగ్గా ఆ టవరు నీడన ఉన్న తెలుగు ఇంట్లో మాత్రం ముల్లు 1467ని దాటి 927 దగ్గర, అంటే విశాఖపట్నం దగ్గర, ఆగేది. ట్రాన్సిస్టరు లోపల తరంగాలను పట్టే ఫెర్రైటు కడ్డీ ఒకటి అడ్డంగా ఉంటుంది. దాని కొస స్టేషను వైపు తిరిగితే ధ్వని సన్నబడుతుంది, వెడల్పు వైపు తిరిగితే పుంజుకుంటుంది. ఈ శాస్త్రం చదవని మామ్మలు సైతం సెట్టును పొయ్యి దగ్గరి కిటికీలో ఆగ్నేయానికి ముఖం పెట్టించి, వేలెడంత ఎడమకు జరిపించి, "ఆఁ, అక్కడే ఉంచరా, మరి కదపకు" అనేవారు. విశాఖపట్నం ఏ దిక్కున ఉందో సర్వేయరుకు గొలుసూ జెండాలూ ఉంటే తప్ప తెలియదు. వాళ్లకు బరబర శబ్దం తగ్గితే తెలిసేది.

చట్టం మాత్రం ఏం చేస్తుంది? 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం సెట్టు ఉంచుకోవడానికి అప్పట్లో లైసెన్సు కావలసివచ్చేది. అందరూ పోస్టాఫీసుకు వెళ్లి, రుసుము కట్టి, చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకుని వచ్చేవారు. ఆ పుస్తకంలో లైసెన్సుదారు ఏ భాష వినవచ్చునో రాసే గడి లేకపోవడం ఘోరమైన లోపం. ఎనభైల దశకంలో లైసెన్సునే ఎత్తివేయడంతో గడి చేర్చే అవకాశం కూడా చేజారింది.

ముద్దాయి తరఫున ఒక వాదన ఉంది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల చొప్పున విరాళమిచ్చినవారు. ఆ సొమ్ముకు వడ్డీగానే విశాఖ నుంచి రోజుకు మూడు పూటలా తెలుగు వస్తున్నదట. రసీదు చూపనిదే ఈ వాదన చెల్లదు.

ఇప్పుడు పరిస్థితి కొంత మెరుగు. దేశమంతటా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. వాటి స్థానంలో వచ్చిన ఎఫ్‌ఎం తరంగం కొండ కనబడగానే ఆగిపోయే బుద్ధిమంతురాలు. మొబైల్ యాప్‌లో అన్ని కేంద్రాలూ ఒకేచోట వినిపిస్తున్నాయన్న సంగతిని అధికారుల దృష్టికి ఎవరూ తీసుకువెళ్లవద్దని మనవి.

ఇక కొఠియా. ఈ 21 గ్రామాలు ఆంధ్రవా ఒడిశావా అన్న తగవు 1968లో సుప్రీంకోర్టు గడప ఎక్కి, 2006లో పార్లమెంటే తేల్చాలన్న మాటతో దిగింది. పార్లమెంటుకు తీరిక దొరికేలోగా నాదొక ప్రతిపాదన. రెండు రాష్ట్రాల అధికారులతో ఒక సంఘాన్ని వేసి, ఒక్క ట్రాన్సిస్టరు ఇచ్చి ఊరూరా పంపాలి. ఏ ఊళ్లో ఏ రాష్ట్రపు కేంద్రం స్పష్టంగా వినబడితే ఆ ఊరు ఆ రాష్ట్రానిది. అయితే పరీక్ష పొద్దు గుంకేలోపే ముగించాలి; చీకటి పడితే సిలోను, చైనా కేంద్రాలు కూడా వినబడి కొత్త హక్కుదారులు పుట్టుకొస్తారు. ఆ గ్రామాల్లో కొందు జనం మాట్లాడుకునే కువి భాష తెలిసిన సభ్యుడు సంఘంలో అక్కరలేదు. వినవలసింది రేడియోనే కదా.