శిక్షణ శిబిరం ముగిసిన మర్నాడు

హైదరాబాదులో రంగస్థల శిక్షణ శిబిరాల ప్రకటనలు చదివేవారికి ఒక వాక్యం బాగా పరిచయం: ‘అనుభవం అవసరం లేదు.’ కొత్తవారి బెరుకు పోగొట్టడానికి రాసే మాట కాబట్టి తప్పుపట్టనక్కరలేదు. అయితే ఇరవై ఏళ్లుగా నాటకాలాడుతున్న నటుడికి, పదిహేను నాటికలు ఆడించిన దర్శకుడికి, ఏటా పోటీలకు ఒక రచన పంపే రచయితకు ఈ నగరంలో మళ్లీ నేర్చుకునే చోటు ఎక్కడుందని ఎవరైనా అడిగితే సమాధానం చెప్పడం కష్టం. వైద్యులకు సదస్సులున్నాయి, ఉపాధ్యాయులకు వేసవి శిక్షణలున్నాయి, బ్యాంకు గుమాస్తాకు సైతం కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు రెండు రోజులు తరగతి పెడతారు. నాటకం వాళ్లకు మాత్రం ఒకసారి ముఖానికి రంగు పూసుకుంటే చదువు పూర్తయినట్టే లెక్క.

శిబిరాలు లేవని కాదు. బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ వంటి వేదికల వల్ల, ఏటా జరిగే ఖాదిర్ అలీ బేగ్ నాటకోత్సవం వల్ల, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ తెలుగు విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళలు చదువుకుని వచ్చినవారి చొరవ వల్ల ఈ సందడి మునుపటి కంటే పెరిగింది. వచ్చే యువతలో చాలామంది చూపు సినిమా మీద ఉంటుందన్నది అందరికీ తెలిసిందే. కృష్ణానగర్‌లో గది తీసుకుని ఆడిషన్ల చుట్టూ తిరిగే కుర్రవాడు నటనలో ఓనమాలు దిద్దుకోవడానికి నాటకం దగ్గరికి వస్తే కాదనడం ఎందుకు? చిక్కల్లా ఆ ఒక్క గిరాకీని బట్టే శిబిరం రూపమంతా ఖరారు కావడంలో ఉంది. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు ముగించినట్టు నటననూ ఇన్ని రోజులని లెక్కగట్టి ముగించి, చివరి రోజున తల్లిదండ్రుల ముందు ఒక చిన్న ప్రదర్శన ఇప్పించి, సర్టిఫికెట్లతో ఫొటో దిగి పంపేయడం ఆనవాయితీగా మారింది. పాల్గొన్నవారికి అది మంచి జ్ఞాపకమే కావచ్చు గానీ, నగరంలో నిజంగా నాటకం ఆడుతున్న సమాజాల మీద దాని ప్రభావం దాదాపు శూన్యం.

ఆ సమాజాలు ఎక్కడ తయారయ్యాయో చూస్తే తప్ప వాటికి ఎలాంటి శిక్షణ కావాలో తెలియదు. తెలుగు నాటకానికి అసలైన బడి పరిషత్తు, అంటే నాటక పోటీలు నడిపే సంస్థ. 1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు మొదలు, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 1998లో ప్రారంభించిన నంది నాటకోత్సవాల దాకా, మన నటులూ దర్శకులూ రచయితలూ పోటీల్లోనే పెరిగారు. ఆ బడి నేర్పింది తక్కువేమీ కాదు. ముందు నాటిక సెట్టు దించిన కొన్ని నిమిషాల్లో తమ సెట్టు నిలబెట్టడం, గంటలోపు కథ ముగించడం, ఊరు కాని ఊళ్లో అర్ధరాత్రి పన్నెండుకు తెర లేచినా గొంతు తగ్గకుండా ఆడటం పరిషత్తు నటుడికి వెన్నతో పెట్టిన విద్య. కానీ పోటీ ఎప్పుడూ న్యాయనిర్ణేత వైపే చూడమంటుంది. ఉత్తమ నటుడు, ఉత్తమ రచన, ఉత్తమ రంగాలంకరణ అని బహుమతులు విడివిడిగా పంచే చోట నాటకం కూడా విడివిడి ముక్కలుగానే తయారవుతుంది. హీరోకు ఒక ఏడుపు ఘట్టం, తండ్రి పాత్రకు ఒక సుదీర్ఘ సంభాషణ, చివర్లో సందేశం. ఎవరి పోర్షన్ వారు దంచుకుని వెళ్లిపోతారు.

అన్నిటికన్నా లోతుగా పాతుకుపోయిన అలవాటు మైకు. వేదిక ముందు భాగంలో పైనుంచి వేలాడదీసిన రెండు మూడు మైకుల చుట్టూనే మన నాటికల్లో పాత్రల నడక అల్లుకుని ఉంటుంది. భార్యతో గొడవపడుతున్న భర్త, ఆమె వెనక కుర్చీలో కూర్చుని ఉండగా, ముందుకు నడిచి వచ్చి మైకు కింద నిలబడి ప్రేక్షకులకేసి చూస్తూ ఆమెను తిడతాడు. నటులను నిందించి లాభం లేదు; వెనక్కి తిరిగి మాట్లాడితే నాలుగో వరుసకు వినపడదని వారికి పదేళ్ల అనుభవం చెప్పింది. ఒక శిబిరంలో దీన్ని విడగొట్టే ప్రయత్నం చూశాను. శిక్షకుడు పాత నటులు ముగ్గురిని పిలిచి, వారు వంద సార్లు ఆడిన ఘట్టాన్నే మైకు లేకుండా, ఒక ఇరుకు గదిలో, ఒకరి వీపుకు ఒకరు వీపు ఆనించి కూర్చుని ఆడమన్నాడు. అరవై దగ్గర పడిన ఒక నటుడు మొదటి మూడు మాటలూ అలవాటు చొప్పున అరిచి, నాలుగో మాట దగ్గర ఆగిపోయాడు. అవతలి మనిషి ఊపిరి తన వీపుకు తెలుస్తుండగా ఆ గొంతుతో మాట్లాడటం ఆయనకు సాధ్యపడలేదు. తర్వాత అదే సంభాషణను దాదాపు గుసగుసగా చెప్పాడు. గదిలో ఉన్న పాతికమందికీ వినపడింది.

కొత్తవారికి నేర్పడానికీ చేయి తిరిగినవారికి నేర్పడానికీ తేడా ఇక్కడే ఉంది. మొదటివారికి లేనిది ఇవ్వాలి, రెండోవారి నుంచి ఉన్నది కాస్త తీసేయాలి. తీసేసే పని సున్నితమైనది, సమయం తీసుకునేది, పైగా అహం అడ్డొచ్చేది. అందుకే శిబిరాలు నడిపేవారు ఆ జోలికి పోరు.

వాచికం, అంటే మాట పలికే తీరు, దాని సంగతి కూడా చెప్పాలి. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాట్యశాస్త్రం చెప్పిన నాలుగింటిలో ఇప్పటి శిబిరాలు ఎక్కువగా మొదటిదాని మీదే నడుస్తున్నాయి. శరీరాన్ని వదులు చేసే ఆటలు, అద్దం అభ్యాసం, నమ్మకం పెంచుకునేందుకు వెనక్కి పడిపోయే ఆట వంటివి ఏ భాషలోనైనా పనికొస్తాయి గనుక ఎక్కడినుంచో వచ్చిన శిక్షకుడు హిందీలోనో ఇంగ్లీషులోనో నేర్పి వెళ్లగలడు. తెలుగు వాక్యంలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, క్రియ చివర్లో వచ్చే భాషలో బరువు ఏ మాట మీద వేయాలో, తెలంగాణ మాటతీరును హాస్యపాత్రల వెటకారంగా కాకుండా ఒక తల్లి ఏడుపుగా ఎలా పలకాలో చెప్పేవారు తక్కువ. పద్యనాటక నటుల దగ్గర శ్వాస మీద ఎంతో పనితనం ఉంది. రాగం సంగతి అటుంచి, ఒక సీసపద్య పాదాన్ని ఎక్కడ విరిచి ఎక్కడ కలిపితే అర్థం నిలబడుతుందో వారికి తెలుసు. ఆధునిక నాటక శిబిరానికి హార్మోనియంతో సహా ఒక పద్యనటుణ్ణి శిక్షకుడిగా పిలిచిన సందర్భాన్ని నేనింతవరకు చూడలేదు.

దర్శకుల పరిస్థితి మరీ విచిత్రం. మన సమాజాల్లో దర్శకుడంటే చందాలు వసూలు చేసేవాడు, హాలు మాట్లాడేవాడు, సెట్టు లారీ ఎక్కించేవాడు, తరచుగా ముఖ్యపాత్ర వేసేవాడు కూడా. ఇన్ని పనుల మధ్య దర్శకత్వం మిగిలిన సమయంలో జరుగుతుంది. ఆయనకు నేరుగా ఉద్దేశించిన శిబిరం దాదాపు లేదు. నిజానికి దానికి పెద్ద ఖర్చూ అవసరం లేదు: ఒకే ఘట్టాన్ని నలుగురు దర్శకులకిచ్చి, అదే నటులతో, ఒకరి రిహార్సల్‌ను మిగతా ముగ్గురూ నోరు మెదపకుండా చూసేలా చేస్తే చాలు. మన దర్శకుల్లో ఎక్కువమంది మరో దర్శకుడి రిహార్సల్‌ను ఎన్నడూ చూసి ఉండరు. చూసేది ప్రదర్శననే, అదీ పోటీలో ప్రత్యర్థిగా.

రచయితది ఇంకా ఒంటరి బతుకు. రచనల పోటీకి పంపడం, బహుమతి వస్తే ముద్రణ, రాకపోతే మౌనం. తన వాక్యం నటుడి నోట్లో ఎలా నలుగుతుందో వినకుండానే పది నాటికలు రాసినవారున్నారు. ఒక నాటక పఠనంలో నేనూ ఉన్నాను. మధ్యతరగతి తండ్రి పాత్ర కొడుకును మందలించే మాట అది: ‘నీ భవిష్యత్తు విషయంలో నేను తీసుకున్న నిర్ణయాన్ని ప్రశ్నించే హక్కు నీకు లేదు.’ చదువుతున్న నటుడు రెండుసార్లు తడబడి, మూడోసారి తనకు తెలియకుండానే ‘నిన్నడిగానా?’ అనేశాడు. రచయిత నవ్వి, పెన్ను తీసి పెద్ద వాక్యం కొట్టేశాడు. ఆయన ఇంట్లో కూర్చుని నెల రోజులు దిద్దినా తేలని సంగతి అరనిమిషంలో తేలింది. లండన్‌లోని రాయల్ కోర్ట్ థియేటర్, ముంబైకి చెందిన రేజ్ ప్రొడక్షన్స్ కలిసి ఇలాంటి పద్ధతిలోనే మన దేశంలోని నాటక రచయితలతో కార్యశాలలు నడిపాయి. వాటిలో పుట్టిన నాటకాలు 2004 నుంచి ‘రైటర్స్ బ్లాక్’ పేరుతో ముంబైలో ఉత్సవంగా వేదికెక్కాయి. రాసినది ఆడతారన్న హామీ ఉంటే తప్ప రచయిత తన వాక్యాన్ని వదులుకోడు.

వృత్తి నటులకు శిక్షణ ఎలా ఉండాలన్నదానికి దూరం వెళ్లనక్కరలేదు, శేరిలింగంపల్లిలోనే జవాబుంది. 1885లో పుట్టిన సురభి నాటక సంప్రదాయానికి చెందిన కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. ఉయ్యాలలో ఉండగానే వేదికెక్కే ఆ నటులకు కొత్తగా నటన నేర్పేదేముంటుందని ఎవరైనా అనుకుంటారు. 1990లలో కన్నడ రంగస్థల దర్శకుడు బి.వి. కారంత్ వారితో పనిచేశారు. ‘భీష్మ’, ‘చండీప్రియ’, జర్మన్ నాటక రచయిత బ్రెఖ్ట్ నాటకానికి అనుసరణ అయిన ‘బస్తీ దేవత యాదమ్మ’ ఆ కలయికలో వచ్చినవే. జాతీయ నాటక పాఠశాలకు డైరెక్టరుగా పనిచేసిన ఆ మనిషి, చిన్నతనంలో కర్ణాటకకు చెందిన గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో వేషాలు వేసినవాడు. కంపెనీ నాటకం కట్టుబాటు ఎలా ఉంటుందో ఒంటికి తెలిసినవాడు కాబట్టే సురభివారి పరదాలనూ పాటనూ చిన్నచూపు చూడలేదని నా నమ్మకం. ఇక్కడ గమనించాల్సింది మరొకటుంది: ఆయన ఒక్కొక్క నటుణ్ణి విడిగా పిలిచి పాఠం చెప్పలేదు. ఒక సమాజం మొత్తంతో, ఒక నాటకం కోసం పనిచేశారు. శిక్షణ, తయారీ ఒకే పనిగా నడిచాయి.

ఇక డబ్బు, సమయం. నగరంలో నాటకం ఆడేవారు పగలు ఉద్యోగాలు చేస్తారు. ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు దాకా పది రోజులపాటు సాగే శిబిరం వారికి పెట్టినది కాదు. ఉప్పల్లో ఉండే రైల్వే ఉద్యోగి డ్యూటీ దిగి గచ్చిబౌలి చేరేసరికి తరగతి సగం అవుతుంది. ఆరు నెలలపాటు ఆదివారాలు, అదీ నగరానికి మధ్యలో, అంటే ఆలోచించవచ్చు. మహిళా నటుల విషయంలో ఇంకా స్పష్టంగా మాట్లాడుకోవాలి. మన సమాజాల్లో నటీమణులు చాలావరకు ప్రదర్శనకు ఇంతని పారితోషికం తీసుకుని అనేక సమాజాలకు పనిచేసే వృత్తి కళాకారిణులు. ఒక్కోసారి రెండు మూడు రిహార్సల్స్‌తోనే వేదికెక్కుతారు. శిబిరానికి రావడమంటే వారికి ఆ రోజు సంపాదన పోవడమే. పైగా రుసుము కట్టమంటే వస్తారా? ఏ రోజుకా రోజు భత్యం చెల్లించకుండా ‘మహిళలు ముందుకు రావడం లేదు’ అని వేదికల మీద వాపోవడం అన్యాయం. గురుశిష్య పరంపర పేరిట కేంద్ర సాంస్కృతిక శాఖ సమాజాలకు నెలవారీ సాయం చేసే రిపర్టరీ పథకం ఉంది. రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ అటువంటిదే శిక్షణకు ముడిపెట్టి ఇవ్వగలిగితే, ఉత్సవాల మీద పెట్టే ఖర్చులో కొంత భాగమే సరిపోతుంది.

కర్ణాటకలోని హెగ్గోడులో 1949లో పుట్టిన నాటక సంస్థ నీనాసం, 1980లో నాటక శిక్షణాలయం ప్రారంభించి, 1985 నుంచి ‘తిరుగాట’ పేరుతో ఊరూరా తిరిగే బృందాన్ని నడుపుతోంది. నేర్చుకున్నవాడు మర్నాడు ఎక్కడ ఆడాలో అక్కడ ముందే తేలింది. మనకు 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి ఉంది, కానీ అది ప్రదర్శన హాలు. రిహార్సల్‌కు సమాజాలు ఇప్పటికీ సాయంత్రాలు ఖాళీగా ఉండే బడి గదులనో, మిత్రుల ఇంటి మేడలనో ఆశ్రయిస్తున్నాయి.

వీపుకు వీపు ఆనించి గుసగుసగా మాట్లాడిన ఆ పెద్ద నటుణ్ణి మూడు వారాల తర్వాత ఒక పరిషత్తులో చూశాను. అదే నాటిక, అదే ఘట్టం. కొడుకు కుర్చీలో ఉండగా ఆయన ముందుకు నడిచి వచ్చి, మైకు కింద నిలబడి, మా అందరికేసి చూస్తూ అరిచాడు. ప్రదర్శన అయ్యాక రంగు తుడుచుకుంటున్న చోటికి వెళ్లి శిబిరం సంగతి గుర్తుచేశాను. ‘నాకు గుర్తులేకేం సార్,’ అన్నాడు. ‘మా డైరెక్టరు గారు మైకు కిందికే రమ్మన్నారు. ఆయన ఆ రోజు అక్కడ లేరు కదా, ఇప్పుడు నేను వెళ్లి ఏమని చెప్పను?’