ఆరోగ్య శాఖలో పశువైద్యుడికి చోటేదీ?

కుక్క కరిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పరుగెత్తుతాం. అక్కడ మనకు టీకా వేస్తారు. కరిచిన కుక్క సంగతి మాత్రం మున్సిపాలిటీదో పంచాయతీదో. దానికి టీకా వేయడం తెలిసిన పశువైద్యుడు ఉండేది ఇంకో శాఖలో. జబ్బు ఒకటే, ఫైళ్లు మూడు. ఈ గోడను అమెరికాలో దాదాపు ఎనభై ఏళ్ల కిందటే బద్దలుకొట్టిన పశువైద్యుడు జేమ్స్ స్టీల్.

1913లో షికాగోలో పుట్టిన స్టీల్, మిషిగన్‌లో 1941లో పశువైద్యం ముగించి, మరుసటి ఏడాదే హార్వర్డ్‌లో ప్రజారోగ్య పట్టా తీసుకున్నారు. పశువుల డాక్టరుకు ఆ చదువు ఎందుకని అడిగే రోజులవి. (ఇప్పుడు మాత్రం అడగడం లేదా?) రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ప్యూర్టోరికోలో, వర్జిన్ దీవుల్లో పాలు, ఆహారం శుభ్రత చూసే పనిలో ఉన్నారు. మనుషుల జబ్బుల మూలాలు పశువుల పాకల్లోనూ వెతకాలన్నది ఆయన వాదం. 1947లో అట్లాంటాలోని సీడీసీలో (అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ) పశువైద్య ప్రజారోగ్య విభాగాన్ని ప్రారంభించారు. రాష్ట్రాల ఆరోగ్య శాఖల్లోకీ పశువైద్యులు వెళ్లేలా చూశారు. 1971లో ప్రభుత్వ ఉద్యోగం వదిలి హ్యూస్టన్‌లో ప్రజారోగ్య పాఠాలు చెప్పారు. 2013లో, నూరేళ్లు నిండాక కన్నుమూశారు.

కుక్కల్లో వ్యాపించే రేబిస్ రకం తమ దేశంలో లేదని అమెరికా 2007లో ప్రకటించింది. అదంతా స్టీల్ ఒక్కరి ఘనత అనడం లేదు. టీకా తయారుచేసినవారు, ఊరూరా కుక్కలకు వేసినవారు ఎందరో. కానీ కుక్కకు టీకా వేయడం కూడా మనిషి ఆరోగ్యం పనేనని సర్కారు చేత ఒప్పించినవారిలో ఆయన ముందున్నారు.

మన దగ్గర చదువుకు లోటు లేదు. తిరుపతిలోని వెంకటేశ్వర, హైదరాబాద్‌లోని పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయాల్లో ప్రజారోగ్యం ఒక పాఠ్యాంశమే. పట్టా చేతికొచ్చాక ఆ పాఠంతో పని పడే పోస్టులే అరుదు. కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను లేకుండా చేస్తామన్నది కేంద్రం లక్ష్యం. 2025లో వీధి కుక్కలపై సుప్రీంకోర్టు ఆదేశాలు వచ్చినప్పుడు మాత్రం కుక్కలను షెల్టర్లలో పెట్టాలా, వదిలేయాలా అన్నదే చర్చంతా. టీకా లెక్క అడిగినవారు తక్కువ.

పశువుల్లో గర్భస్రావం కలిగించి, వాటి నుంచి మనుషులకూ సోకే బ్రూసెల్లోసిస్ కథా ఇంతే. పెయ్య దూడలకు టీకాలు వేసే కేంద్ర పథకం 2019 నుంచి ఉంది. కానీ చూడి గేదె ఈసుకుపోతే రైతు వట్టి చేతులతోనే మాయ తీస్తాడు. తర్వాత వచ్చిపోయే జ్వరానికి మలేరియా, టైఫాయిడ్ మందులు మింగుతాడు. గేదె రక్త పరీక్ష ఫలితం ఆ రైతు జ్వరం చూస్తున్న డాక్టరుకు చేరే దారే లేదు. ప్రతి జిల్లా వైద్యాధికారి ఆఫీసులో ఒక పశువైద్యుడి పోస్టు పెట్టి, కుక్కల టీకాల లెక్క, ఈ పరీక్షల వివరాలు అక్కడికే వచ్చేలా రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఉత్తర్వులు ఇవ్వాలి.