టైటిల్ పోయింది ఆఖరి రోజు కాదు
2024 మే 19న, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ సీజన్ చివరి రోజు మన ఆర్సెనల్ టైటిల్ చేజార్చుకుందని కొందరు రాశారు, నేనైతే ఒప్పుకోను. ఆ రోజు మనవాళ్లు ఎవర్టన్‌ను 2-1తో గెలిచారు కదా, ఇంకేం చెయ్యాలి? పోయింది ఏప్రిల్ 14న. ముందురోజు మనతో టైటిల్‌కి పోటీపడుతున్న మాంచెస్టర్ సిటీ లూటన్‌పై ఐదు గోల్స్ కొట్టింది, ఆ ఆదివారం పోటీలో ఉన్న ఇంకో జట్టు లివర్‌పూల్ సొంత గ్రౌండ్‌లో క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో ఓడింది, ఆ ఆనందం ఇంకా దిగకముందే మనం ఆస్టన్ విల్లాతో మ్యాచ్‌లో 84వ నిమిషంలో ఒక గోల్, 87లో ఇంకోటి ఇచ్చేసి కూర్చున్నాం. డిసెంబర్ చివర్లో వెస్ట్ హామ్, ఫుల్హామ్ చేతుల్లో వరసగా ఓడిన సంగతి సరేసరి. ఆఖరి రోజు రాత్రి ఎనిమిదిన్నరకి నేను టీవీలో మన మ్యాచ్, ఫోన్లో వెస్ట్ హామ్‌తో సిటీ మ్యాచ్ పెట్టుకుని కూర్చుంటే రెండో నిమిషంలోనే సిటీకి ఫోడెన్ గోల్, ఫోన్ బోర్లా పెట్టేశాను. తర్వాత వెస్ట్ హామ్ ఆటగాడు కుదుస్ గాల్లో పల్టీ కొట్టి వేసిన గోల్, వెంటనే మనకి తొమియాసు గోల్, ఆ పది పదిహేను నిమిషాలే ఆశ అంటే ఆశ. తర్వాత సిటీకి రోడ్రి గోల్ కొట్టాక అంతా అయిపోయింది, టైటిల్ వాళ్లదే. 89వ నిమిషంలో హావెర్ట్జ్ గోల్ కొట్టి మనల్ని గెలిపించినా అరవాలో ఏడవాలో తెలీలేదు, పక్క గదిలోంచి మా ఆవిడ గెలిచారా అంటే గెలిచాం కానీ ఓడిపోయాం అన్నాను. సీజన్ మొత్తానికి మనకి 89 పాయింట్లు, ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడని మన 2003-04 జట్టుకి 90. ఒక్కటే తక్కువ! ఈ టీమ్‌ని తిట్టడానికి నాకు నోరు రావట్లేదు, అలాగని సంతోషంగానూ లేదు.